నెల్లూరు నీటి కథ – ప్రాంతీయ వైద్య పరిశోధన

రోగాలలో కొన్ని దేశదేశాలు తిరుగుతవి. క్షయ, మలేరియా అటువంటివి; మశూచి కూడా ఒకప్పుడు అటువంటిదే. వీటిని గురించి ఏ దూరదేశంలో ఎవరు కనుగొన్న విషయమైనా మనకు కూడా పనికివస్తుంది. మరికొన్ని రోగాలు ఒక ప్రాంతాన్ని పట్టుకొని ఉంటవి. ఆ నేలలోని రాతిలో, ఆ బావిలోని నీటిలో, ఆ పొలంలో పండే గింజలో వాటి మూలం ఉంటుంది. ఇటువంటి రోగాలను ఆ ఊరికి వచ్చి, ఆ బావి దగ్గర నిలిచి పరిశీలిస్తే తప్ప తెలుసుకొనటం సాధ్యం కాదు. అందుకు పలువురు శాస్త్రజ్ఞుల సహకారం కావలెను. పని తెలిసిన మనుషులు కావలెను. ఆ పని సగంలో ఆగకుండా నడిపించే ధనం కావలెను. ఈ మూడింటిలో ఏది లోపించినా ఏమవుతుందో తెలుసుకొనటానికి మనం దూరం పోనక్కరలేదు. నెల్లూరు జిల్లా చరిత్రలోనే అందుకు నిదర్శనం ఉన్నది.

మద్రాసునుండి నెల్లూరు పోయే రైలుబాటలో, గూడూరు, మనుబోలు దాటిన తరువాత వెంకటాచలం వస్తుంది. తూర్పున కృష్ణపట్నం, ఆపైన సముద్రం. సమీపంలోనే సర్వేపల్లి చెరువు. పెన్న నీరు కాలువల వెంట వచ్చి ఈ భూములను తడుపుతుంది. ఈ పచ్చని పొలాలను చూచినవారికి, ఇదే జిల్లాలో నీటి కారణంగా మనుషుల నడుములు వంగిపోయిన గ్రామాలు కలవంటే నమ్మటం కష్టం. కాని పడమర, వాయవ్య దిక్కులుగా పోతే భూమి స్వభావం మారిపోతుంది. ఉదయగిరి, వరికుంటపాడు వైపు మెట్ట. దానికి ఉత్తరంగా కనిగిరి, పొదిలి, దర్శి. ఈ చివరి మూడు తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు నెల్లూరు జిల్లాలోనివే. అక్కడ వర్షం తక్కువ. భూమిలోపల గట్టి రాయి. తాగేది లోతు బావి నీరు.

ఆ రాళ్లలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడు అనే లవణం ఉంటుంది. నీరు ఏళ్ల తరబడి రాతి పగుళ్లలో నిలిచినప్పుడు ఆ లవణం కొంచెం కొంచెంగా నీటిలో కరుగుతుంది. సున్నపు పాలు తక్కువగా, క్షారం ఎక్కువగా ఉన్న నీరైతే మరింత కరుగుతుంది. ఆ నీటికి రంగు లేదు, వాసన లేదు. నాలుకకు కూడా తెలియదు. పసిబిడ్డకు పళ్లు రూపొందే వయస్సులో ఆ నీరు తాగితే పళ్లమీద సుద్దవంటి తెల్లని మచ్చలు, తరువాత పసుపు, గోధుమవన్నె చారలు ఏర్పడుతవి. వీటిని గారపళ్లని మనవారు తేలికగా తీసివేస్తారు. కాని పళ్లపుల్లతో తోమినా, బొగ్గుతో తోమినా పోని గార అది. అదే నీరు ఇంకా పది, ఇరువది ఏళ్లు తాగితే లవణం ఎముకలలో చేరుతుంది. కీళ్లు బిగుసుకొంటవి. వెన్నెముక కొయ్యవలె అవుతుంది. ఎముకలను పట్టి ఉంచే నరాలవంటి బంధనాలు కూడా రాయివలె గట్టిపడతవి. మెడ తిప్పలేని స్థితి, కూర్చుంటే లేవలేని స్థితి వస్తుంది. వెన్నుపాము నొక్కుకొనిపోయి కాళ్లు పడిపోవటం కూడా కలదు. ఇదే ఫ్లోరోసిస్.

భారతదేశంలో ఈ రోగాన్ని మనుషులలో శాస్త్రీయంగా గుర్తించి లోకానికి వెల్లడించినది 1937లో. ఆ గుర్తింపు జరిగినది నెల్లూరు జిల్లాలో. అంతకుముందు కొన్నేళ్లుగానే రైతులు తమ ఎద్దులు కీళ్లు పట్టుకొని నడవలేకపోవటం గమనిస్తూ వచ్చినారు. మనుషులలోని బాధ వేరని, వాతమని, కర్మఫలమని అనుకొన్నారు. 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గురించి ఒక పత్రం ప్రకటించినారు. అదే సంవత్సరం షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్‌ను గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో మరొక పత్రం వ్రాసినారు.

ఈ పేర్లను మనం కొంచెం నిదానించి చూడవలెను. షార్ట్ మద్రాసు దగ్గర గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు డైరెక్టరు. మెక్‌రాబర్ట్ మద్రాసు పెద్ద ఆస్పత్రిలో రోగులను చూచే వైద్యుడు. బర్నార్డ్ ఎక్స్‌రే శాస్త్రంలో నిపుణుడు. మద్రాసులో ఆయన పేరనే ఒక ఎక్స్‌రే సంస్థ వెలసినది. రోగి బాధను చెప్పుకొన్నది వైద్యునికి. ఆ బాధకు మూలం ఎముకలో ఉన్నదని చూపినది ఎక్స్‌రే. ఎముకలోనికి అది ఎక్కడనుండి వచ్చినదో చెప్పినది నీటిని పరీక్షించిన ప్రయోగశాల. వీరిలో ఏ ఒక్కరు తమ గదిలో ఒంటరిగా కూర్చున్నా ఈ రోగం వాతం పద్దులోనే ఉండిపోయేది. సహకారమంటే సభలలో ఒకరినొకరు పొగడుకొనటం కాదు. ఒకే మనిషి దేహాన్ని ముగ్గురు మూడు వైపుల నుండి చూచి, ఒకే మాటకు రావటం.

ఆ సహకారం ఆకాశంనుండి ఊడిపడలేదు. గిండీ సంస్థ అప్పటికే మూడు దశాబ్దాలకు పైగా పని చేస్తున్నది. వైద్య పరిశోధనకు ధనసహాయం చేసేందుకు 1911లోనే దేశంలో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ అనే సంస్థ ఏర్పడినది. 1949లో అదే భారత వైద్య పరిశోధన మండలిగా మారినది. నెల్లూరు నీటిని పరీక్షించిన బృందంలోని పండిట్‌గారే ఆ మండలికి తొలి డైరెక్టరు కావటం గమనించదగిన విషయం. 1940లో ఆయన, రాఘవాచారి, సుబ్బారావు, కృష్ణమూర్తి అనేవారితో కలిసి దక్షిణ భారతంలోని ఫ్లోరోసిస్‌కు దోహదం చేసే కారణాలను గురించి మరొక విపులమైన పరిశీలన ప్రకటించినారు. ఇంతవరకు కథ మనకు గర్వకారణమే.

ఆ తరువాత ఏమైనది? పత్రాలు గ్రంథాలయాలకు చేరినవి. వాటిని ఇతర దేశాల శాస్త్రజ్ఞులు ఉదాహరించినారు. పొదిలి, కనిగిరి గ్రామాలలో స్త్రీలు ఆ బావులనుండే నీరు తోడుకొన్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గిండీ సంస్థ, మద్రాసు ఆస్పత్రి, బర్నార్డ్ సంస్థ అన్నీ మరొక రాష్ట్రంలో నిలిచిపోయినవి. రోగం మనవైపు, దానిని గురించిన విజ్ఞానం అటువైపు. మా రేడియో వృత్తిలో ఒక మాట కలదు. ప్రసారం ఎంత శక్తిమంతమైనదైనా, ఊరిలో రిసీవరు లేకపోతే అది ఆ ఊరికి మౌనమే. పరిశోధన కూడా అంతే. దానిని అందుకొని, అర్థం చేసుకొని, పనిలో పెట్టే మనిషి జిల్లాలో ఉండవలెను.

విజ్ఞానం దగ్గరకు వస్తే ఏమవుతుందో చెప్పటానికి హైదరాబాదును ఉదాహరించవచ్చును. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిని విచారించటానికి ఒక చిన్న శాఖను ప్రారంభించినారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. సంస్థ తెలుగు నేలమీద ఉండటం వలన దాని వైద్యులు నల్లగొండ గ్రామాలకు మాటిమాటికి పోగలిగినారు. అక్కడ వారికి పాత గ్రంథాలలో లేని ఒక లక్షణం కనిపించినది. యౌవనంలోని పిల్లలకు మోకాళ్లు ఒకదానికొకటి రాచుకొంటూ, పాదాలు దూరదూరంగా పడుతున్నవి. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1973లో లాన్సెట్ పత్రికలో దీనిని వెల్లడించినారు. ఆ తరువాత అదే సంస్థవారు ఆ ప్రాంతపు జొన్నలను పరీక్షించి, ఫ్లోరైడుతో పాటు గింజలోని మాలిబ్డినం, దేహంలోని రాగి కూడ ఈ కథలో పాత్ర వహిస్తున్నవేమోనని విచారించినారు. జొన్నన్నం తినే పేదవానికి, ఇతర ఆహారం కూడ దొరికే సంపన్నునికి ఒకే నీరు ఒకే హాని చేయకపోవచ్చునన్న ఆలోచన అక్కడనుండి బలపడినది. ఒకసారి వచ్చి నీటి సీసా పట్టుకొని పోయేవారికి ఈ సంగతి తెలియదు. పలుమారులు వచ్చి, ఆ ఇంటి వంట చూచినవారికే తెలుస్తుంది.

కారణం తెలిసినది, నివారణ మాటేమిటి? నాగపూరులోని కేంద్ర పరిశోధన సంస్థ ఫ్లోరైడును నీటినుండి తొలగించే విధానాన్ని రూపొందించినది. 1975లో ప్రకటితమైన ఆ విధానానికి ఒక తెలుగు జిల్లా పేరే పెట్టినారు – నల్లగొండ పద్ధతి. నీటిలో పటిక, సున్నం, కొంచెం బ్లీచింగు పొడి తగిన పాళ్లలో కలిపి బాగా తిప్పుతారు. తేట పడేవరకు కదల్చకుండా ఉంచుతారు. ఫ్లోరైడు మడ్డితోపాటు అడుగున చేరుతుంది. పైనీటిని వంచి వడపోస్తారు. ఇంట్లో రెండు బకెట్లతో చేయవచ్చును. ఊరంతటికీ తొట్టి కట్టి చేయవచ్చును. ఇందులో పటిక పాలు ఎక్కువైనా చిక్కే, తక్కువైనా చిక్కే. ఆ పాలు ప్రతి బావి నీటికీ వేరుగా ఉంటుంది. మడ్డిని ఎప్పటికప్పుడు దూరంగా పారవేయవలెను. అంటే పాలు తెలిసిన మనిషి ఒకడు రోజూ ఉండవలెను. నెలనెలా పటిక కొనటానికి డబ్బు ఉండవలెను. ప్రారంభోత్సవానికి డబ్బు దొరుకుతుంది. పదకొండవ నెలలో పటికకు దొరకదు. యంత్రాలు పెట్టిన చోట్ల అనేకం మూలబడిపోవటానికి కారణం శాస్త్రం తప్పిపోవటం కాదు. శిక్షణ, ధనం – ఈ రెండూ యంత్రంతో పాటు ఊరిలో కాపురం పెట్టలేదు.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ మన రాయలసీమలోనే కలదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ చికిత్సాలయం ప్రారంభమైనది. అక్కడివారు వైద్యంతో తృప్తి పడక, 1950 నుండి 1955 వరకు చుట్టుపట్ల జనులలో క్షయ ఎట్లా వ్యాపిస్తున్నదో పరిశీలించినారు. డాక్టరు ఫ్రిమట్ మోలర్ నాయకత్వాన జరిగిన ఆ పని ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడినవి. తరువాత బి.సి.జి. టీకాను గురించి, ఇంటివద్దనే మందులిచ్చే చికిత్సను గురించి అక్కడనుండి వచ్చిన పత్రాలమీద విదేశీయుని పేరు పక్కన ఆచార్యులు, కేశవపిళ్ల అనే పేర్లు కూడ కనిపిస్తవి. వచ్చిన విద్వాంసుడు తన పక్కనున్నవారికి విద్య నేర్పినాడు. సంస్థ అక్కడనే ఉన్నది. గ్రామాలు అక్కడనే ఉన్నవి. పరిశీలకులు ఏళ్ల తరబడి ఆ గడపలకే తిరిగినారు. మదనపల్లె మహానగరం కాదు. అయినా క్షయను గురించి ప్రపంచం చదివిన విషయాలు కొన్ని అక్కడనుండే వెళ్లినవి.

మళ్లీ నెల్లూరుకు వద్దాము. 2008–09లో కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణకు ఒక జాతీయ కార్యక్రమాన్ని ఆరంభించినది. తొలుత దేశంలో ఎన్నుకొన్న కొద్ది జిల్లాలలో నెల్లూరు ఒకటి. జిల్లాకొక సలహాదారు, ఒక ప్రయోగశాల సహాయకుడు, నీటిలోను మూత్రంలోను ఫ్లోరైడును కొలిచే అయాన్ మీటరు, వైద్యులకూ ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ, వికలాంగులైనవారికి చికిత్సా సహాయం – ఇవి ఆ కార్యక్రమంలోని అంశాలు. మంచివే. కాని సంవత్సరాలను లెక్కించండి. రోగాన్ని గుర్తించినది 1937. జిల్లాలో దానిని కొలిచే మనిషికి, పరికరానికి జాతీయ కార్యక్రమం ఏర్పాటు చేసినది 2008. నడుమ డెబ్బది ఒక్క సంవత్సరం. 1937లో పుట్టిన బిడ్డ ఆ నీరే తాగి పెరిగి, ముసలిదై, మనుమరాలి పళ్లమీద అదే చార చూచేందుకు చాలినంత కాలం అది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. కారణం తెలిసిన రోగానికి ఇంకా పరిశోధన ఎందుకు, ఆ డబ్బుతో మంచినీరు తెప్పించరాదా అని. ఇది న్యాయమైన ప్రశ్న. ఫ్లోరోసిస్‌కు మొదటి మందు మంచి నీరే. ఒకసారి వంగిన ఎముకను నిటారు చేసే మందు లేదు. నల్లగొండ ప్రాంతానికి కృష్ణ నీటిని గొట్టాల ద్వారా ఇంటింటికి అందించటం వలన కలిగిన మేలు అనేక పత్రాల పెట్టు. అయితే ఏ ఊరికి ముందు నీరు ఇవ్వవలెను, ఇచ్చిన తరువాత పిల్లల పళ్లు బాగుపడుతున్నవా, గొట్టం పగిలిన వేసవిలో జనం మళ్లీ ఏ బోరింగుకు పోతున్నారు – ఈ ప్రశ్నలకు జవాబు చెప్పటం కూడా పరిశోధనే. ఇది ఖరీదైన పని కాదు. కాని జిల్లాలో ఉండేవారే చేయవలసిన పని.

పైగా రేపటి రోగం ఎక్కడ పుట్టుతుందో మనకు తెలియదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి మొదలైన మండలాల జీడితోటల నడుమ మూత్రపిండాల జబ్బు ఎందరినో బలిగొన్నది. నీరు, వేడి, పురుగుల మందులు – ఎన్నో కారణాలు విచారించినారు. నిశ్చయమైన కారణం ఇంకా తేలలేదు. దేశవిదేశాల సంస్థలు వచ్చి రక్తం, నీరు పట్టుకొని పోయినవి. రక్తమిచ్చినవారు ఫలితం కొరకు ఎదురుచూచినారు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, దానితోపాటు రెండు వందల పడకల ఆస్పత్రి ప్రారంభమైనవి. రోగమున్న చోటికి పరిశోధనశాల రావటం సరైన మార్గం. అందులో పనిచేసేవారికి శిక్షణ, ఏటేటా ధనం తప్పక అందితేనే ఆ మార్గం గమ్యానికి చేరుతుంది.

నెల్లూరుకు నేడు 1937లో లేని సంపద ఉన్నది. వెంకటాచలం మండలం కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉన్నది; అది 2008లో స్థాపితమైనది. నెల్లూరు పట్టణంలో 2014లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది. కేంద్రంలో ఆరోగ్య పరిశోధన శాఖ 2007లో ఏర్పడినది. ప్రభుత్వ వైద్య కళాశాలలలో పరిశోధన విభాగాలు నెలకొల్పటానికి, గ్రామాలలో ఆదర్శ పరిశోధన కేంద్రాలు నడపటానికి దానికి పథకాలు కలవు. జీవశాస్త్రం చదివే విద్యార్థి ఇక్కడ. రోగిని చూచే విద్యార్థి అక్కడ. మధ్య దూరం రైలులో కొద్ది నిమిషాలు. 1937లో వైద్యుడు, ఎక్స్‌రే నిపుణుడు, నీటి పరీక్షకుడు మద్రాసులో కలిసినట్లు ఈ ఇద్దరు విద్యార్థులు ఉదయగిరి మెట్టలో ఒక బావి దగ్గర కలవగలిగితే జిల్లాకు ఎంతో మేలు. అందుకు పెద్ద భవనాలు అవసరం లేదు. ఏటేటా అవే గ్రామాలకు పోవటం, అవే బడులలో పిల్లల పళ్లు చూడటం, వ్రాసిన లెక్కను తెలుగులో ఆ పంచాయతీకి కూడ ఒక ప్రతి ఇవ్వటం చాలును. గ్రాంటు ఇచ్చేవారు కూడ రెండేళ్లకు తీసివేసే పద్ధతి మాని, ఒక తరం పిల్లలు పెరిగేవరకు చిన్న మొత్తమైనా నిలకడగా ఇవ్వటం మంచిది. ఎముకలలోనికి రోగం ఇరువది ఏళ్లు పట్టి చేరుతున్నప్పుడు, రెండేళ్ల గ్రాంటుతో దానిని ఎట్లా కొలుస్తాము?

శిక్షణ అనేది పట్టాలు పొందినవారికే పరిమితమనుకొనటం పొరపాటు. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ కింద గ్రామానికి ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పే ఏర్పాటు ఉన్నది. చిన్న పెట్టెలోని మందుచుక్కలు నీటిలో వేసి, మారిన రంగును అట్టమీది రంగుతో పోల్చి ఫ్లోరైడు ఎంతో అంచనా కట్టుతారు. అది ప్రయోగశాల లెక్కంత ఖచ్చితం కాకపోవచ్చును. కాని ఏ బోరింగు నీటిని అనుమానించవలెనో చెప్పటానికి చాలును. గిండీ ప్రయోగశాలలో మాత్రమే చేయగలిగిన పని నేడు నీళ్లు మోసే చేతులకే అందుతున్నది. ఆ స్త్రీలు వ్రాసిన అంకెలను వైద్య కళాశాల చదివితే, కళాశాల కనుగొన్నది ఆ స్త్రీలకు తిరిగి చేరితే, ప్రాంతీయ పరిశోధన అనే పెద్దమాటకు సరైన అర్థం ఏర్పడుతుంది.

శ్రోతలు తమ ఇళ్లలో చేయగలిగినది కూడ కొంత ఉన్నది. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము మించకుండటం మంచిదని, వేరు నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకొనవచ్చునని మన దేశ ప్రమాణం. నీటిని కాచితే ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. మామూలు కొవ్వొత్తి ఫిల్టరు దానిని ఆపదు. కొత్త బోరు వేయించినవారు ఆ నీటిని పరీక్ష చేయించిన తరువాతనే పిల్లలకు తాగనివ్వవలెను. పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ వంటివి ఆహారంలో ఉంటే దేహానికి కొంత రక్షణ. బడిలో పిల్లల పళ్లమీద ఒకే రకమైన చారలు పదిమందికి కనిపిస్తే, దానిని గారపళ్లని నవ్వి వదలివేయక ఆరోగ్య కేంద్రానికి తెలియజేయవలెను. 1930లలో నెల్లూరు రైతు తన ఎద్దు నడకలోని మార్పును ముందు గమనించినాడు. శాస్త్రజ్ఞుడు తరువాత వచ్చినాడు. నేడు శాస్త్రజ్ఞుడు మనకు దగ్గరలోనే ఉన్నాడు. మనం గమనించినది అతనికి చెప్పటం, అతడు తెలుసుకొన్నది మనకు చెప్పమని అడగటం మన హక్కు, మన బాధ్యత.